లెక్కకు రాని గంటలు: లారీ డ్రైవర్ల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం లారీ నడిపేవారివి, వారి ఇంటివారివి. ప్రశ్నలు వేరైనా అన్నింటి అడుగునా ఉన్న సందేహం ఒకటే: చేతికి వచ్చే డబ్బు, ఇంట్లో గడిపే రోజులు, పని తీరు అనే మూడింటిలో దేనికోసం దేన్ని ఎంతవరకు వదులుకోవచ్చు? 14 ఏళ్ళు బండి నడిపి, ఆ తరువాత 11 ఏళ్ళు రవాణా కార్యాలయంలో బండ్లకు ట్రిప్పులు వేసే బల్ల దగ్గర కూర్చున్నవాడిగా నాకు తెలిసిన జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నేను 9 ఏళ్ళుగా లారీ నడుపుతున్నాను. ప్రస్తుతం ఒక సరుకుల పంపిణీ సంస్థలో నెలజీతం. ఉదయం బండి తీసి, దుకాణాలకు సరుకు దించి, రాత్రికి ఇల్లు చేరతాను. రోజుకు 10 గంటల పని, నెలకు 26 రోజులు. బరువులు దించడంలో నేనూ చెయ్యి వేయక తప్పదు. దూరప్రయాణపు బండ్లు నడిపే మరో సంస్థ ఇప్పుడు కిలోమీటరు లెక్కన ఇస్తామని పిలుస్తోంది. జీతం అంకె రాయడం ఇష్టం లేదు గాని, ఇప్పటిది 100 అనుకుంటే, అక్కడ నెలకు 10,000 కిలోమీటర్లు తిరిగితే 140 వస్తుందంటున్నారు. మూడు వారాలు బయట, తరువాత నాలుగు రోజులు ఇంట్లో. మా పాపకు నాలుగేళ్ళు. నన్ను వెళ్ళమంటారా, ఉండమంటారా?

జవాబు: మీ ఉత్తరంలో 100, 140 అనే అంకెలు పక్కపక్కనే ఉన్నాయి గాని, రెండింటినీ ఒకే కొలతతో కొలవలేదు. మొదటిది 260 గంటల పనికి వస్తున్న జీతం. రెండవది 10,000 కిలోమీటర్లకు వచ్చే జీతం. ఆ దూరం తిరగడానికి ఎన్ని గంటలు పడుతుందో వారు చెప్పలేదు, మీరూ అడిగినట్టు లేదు. కాబట్టి ముందుగా రెండింటినీ గంటల్లోకి మార్చుకుందాం.

మూడు వారాల ప్రయాణానికి నాలుగు రోజుల ఇల్లు అంటే, 30 రోజుల నెలలో సుమారు 25 రోజులు బండి మీదే ఉంటారు. అంటే రోజుకు 400 కిలోమీటర్లు. లోడుతో ఉన్న బండికి రద్దీ, ఎత్తుపల్లాలు, తనిఖీలు అన్నీ పోను సగటున గంటకు 50 కిలోమీటర్లు వచ్చిందంటే బాగా నడిచినట్టే. ఆ లెక్కన రోజుకు 8 గంటలు స్టీరింగు దగ్గరే. లోడింగు, అన్‌లోడింగు, కాటా, టార్పాలిన్ కట్టడం, టైర్లు చూసుకోవడం, కాగితాల పని, డీజిలు, వరుసలో నిలబడడం కలిపి మరో 5 గంటలు వేసుకోండి. రోజుకు 13 గంటలు, నెలకు 325. ఆ 140ని 325 గంటలకు పంచితే, ఇప్పటి మీ గంట జీతం కన్నా 12 శాతమే ఎక్కువ వస్తుంది. కాగితం మీద 40 శాతంగా కనిపించినది ఇక్కడికే 12కు దిగింది. ఇక 25 రోజుల బయటి తిండి, స్నానం, ఫోను, చిల్లర ఖర్చులకు సంస్థ బత్తా ఇస్తుందో లేదో మీరు రాయలేదు. ఇవ్వకపోతే ఆ ఖర్చు మీ కొలతలో నెలకు 15 అనుకుందాం. మిగిలిన 125ని 325తో భాగించండి, మీ 100ని 260తో భాగించండి. రెండు చోట్లా ఒకే అంకె వస్తుంది. అంటే అక్కడ మీకు ఎక్కువగా దొరికేది ఎక్కువ పనే. గంటకు వచ్చే ప్రతిఫలం మాత్రం పెరగదు. రాత్రులు బండిలో పడుకుని సరుకుకు కాపలా ఉన్న గంటలను నేను ఈ లెక్కలో చేర్చనే లేదు.

నేను వేసిన 5 గంటలు అతిగా అనిపించవచ్చు. నాకు జరిగినది ఒకటి చెబుతాను. ఒక గోదాము గేటు దగ్గర ఒకసారి నాకు 31వ నంబరు టోకెను ఇచ్చారు. దాదాపు నలభై నిమిషాలకొకసారి వరుస ఒక బండి పొడవు ముందుకు జరిగేది. ముందు బండి బ్రేకు గాలి బుస్సుమని వదిలిన చప్పుడు వినగానే లేచి, ఇంజను వేసి, నలభై అడుగులు కదిలి, మళ్ళీ హ్యాండ్‌బ్రేకు లాగి సీటు మీద వాలేవాణ్ణి. నిద్రపోతే వెనుక బండి దూరుతుంది. నిద్రపోకపోతే తెల్లవారిన తరువాత లోడుతో ఎలా నడపాలన్న భయం. అలా దాదాపు 20 గంటలు గడిచాయి. ఆ 20 గంటల్లో నా బండి మీటరు అర కిలోమీటరు కూడా తిరగలేదు. అప్పుడు నాది కిలోమీటరు జీతమే.

కిలోమీటరు లెక్కలోని అసలు కిటుకు ఇదే. గేటు దగ్గర ఆలస్యం జరిగితే నష్టం సరుకు యజమానికి గాని రవాణా సంస్థకు గాని చేరకుండా డ్రైవరు మీద పడుతుంది. హాల్టింగు చార్జీ పేరుతో సంస్థ సరుకు యజమాని దగ్గర వసూలు చేసినా, అందులో డ్రైవరుకు ఎంత చేరుతుందన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నను మీరు ఉద్యోగంలో చేరకముందే అడగాలి. ఎన్ని గంటలు దాటిన తరువాత నిరీక్షణకు డబ్బు ఇస్తారు, గంటకు ఎంత, అది ఏ నెల జీతంతో కలిసి వస్తుంది అని అడిగి కాగితం మీద రాయించుకోండి. వారు చెప్పే కిలోమీటరు ఏ కిలోమీటరో కూడా తేల్చుకోండి: మీటరు చూపినదా, పటం మీద అతి దగ్గర దారి లెక్కించి వారు వేసుకున్నదా? ఖాళీ బండితో తిరుగు లోడు కోసం వెళ్ళిన దూరానికి ఇస్తారా, ఇస్తే అదే రేటా? నెలలో రెండు మూడు లోడ్లు ఆలస్యమై 10,000కు బదులు 8,500 కిలోమీటర్లే తిరిగారనుకోండి. మీ 140 కాస్తా 119 అవుతుంది; ఖర్చులు పోతే 104. అప్పుడు 25 రోజులు ఇల్లు విడిచినందుకు మీకు మిగిలేది 4.

చట్టాలు ఈ సంగతిని పట్టించుకోలేదని అనుకోకండి. ఐరోపా సమాఖ్య 2006 నాటి 561వ నిబంధనలో, తిరిగిన దూరాన్నిబట్టి, చేర్చిన వేగాన్నిబట్టి, మోసిన సరుకునుబట్టి ఇచ్చే జీతం రోడ్డు భద్రతకు చేటు చేసేలా ఉంటే అలాంటి జీతాన్ని నిషేధించింది. అమెరికాలో పద్ధతి వేరు. రాష్ట్రాల మధ్య సరుకు నడిపే డ్రైవర్లలో చాలామందికి 1938 నాటి కార్మిక చట్టం ఇచ్చే ఓవర్‌టైము హక్కు వర్తించదు, కిలోమీటరు జీతానికి బదులు అక్కడ మైలు జీతం మామూలు. పైగా అక్కడ డ్యూటీ ఎక్కిన క్షణం నుంచి 14 గంటల గడియారం మొదలవుతుంది. నడిపే 11 గంటలూ ఆ 14లోనే పూర్తి కావాలి. గేటు దగ్గర నిలబడ్డ గంటలు సాధారణంగా ఆ 14లోంచే పోతాయి గనుక, నిరీక్షణ వల్ల ఆ రోజు జీతమూ పోతుంది, నడిపే అవకాశమూ పోతుంది.

మీకు చెప్పిన పనినే ఈ నియమాల పక్కన పెట్టి చూడండి. రోజుకు 8 గంటల చొప్పున వారమంతా నడిపితే 56 గంటలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979లో చేసిన 153వ ఒడంబడిక ప్రకారం డ్రైవరు వారానికి 48 గంటలకు మించి, రోజుకు 9 గంటలకు మించి, ఆగకుండా 4 గంటలకు మించి నడపరాదు. దాన్ని ఆమోదించిన దేశాలు తక్కువేనన్నది నిజమే గాని, శరీరం ఎంత మోయగలదన్న అంచనాకు అది మంచి గీటురాయి. ఐరోపా నియమం ఒక వారంలో 56 గంటలను ఒప్పుకుంటుంది, కాని ఏ రెండు వారాలు కలిపినా 90 గంటలు దాటనివ్వదు. మూడు వారాలు వరుసగా 56 గంటలు నడిపించే పని అక్కడ చట్టవిరుద్ధం. కాబట్టి నెలకు 10,000 అన్న మాటను అవకాశంగా కాకుండా హెచ్చరికగా కూడా చదవవచ్చు. ఏడు రోజులూ నడపకుండా వారానికో రోజు ఆగితే ఆ దూరం రాదు. ఆగకపోతే ఒళ్ళు రాదు.

ఇక ఇంట్లో గడిపే నాలుగు రోజులు. రోజులు అనే మాట మోసపూరితమైనది. శుక్రవారం రాత్రి 11 గంటలకు యార్డులో తాళాలు అప్పగించి, ఆదివారం సాయంత్రం 5 గంటలకు మళ్ళీ డ్యూటీకి వచ్చిన డ్రైవరు మూడు రోజులు ఇంట్లో ఉన్నాడని మా కార్యాలయంలో రాసేవాళ్ళం, ఎందుకంటే శుక్ర, శని, ఆదివారాలు మూడింటిలోనూ అతడు ఇంట్లో కనిపించాడు. నిజానికి అవి 42 గంటలు. ఐరోపాలో మామూలు వారపు విశ్రాంతి 45 గంటలు, మూడు రోజులన్న మా లెక్క దానికి కూడా చాలదు. అలా రాసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మీ నాలుగు రోజులు ఏ గంటకు మొదలై ఏ గంటకు ముగుస్తాయి, యార్డు నుంచి ఇంటికి వెళ్ళే దారిఖర్చు ఎవరిది, చెప్పిన తేదీకి పంపలేకపోతే ఏమిస్తారు అని అడగండి. 2020లో ఐరోపా సమాఖ్య తెచ్చిన సవరణ ప్రకారం, ప్రతి నాలుగు వరుస వారాల్లో ఒకసారైనా డ్రైవరు ఇంటికి గాని సంస్థ కేంద్రానికి గాని చేరేలా పని ఏర్పాటు చేయవలసిన బాధ్యత యజమానిది. ఆ మామూలు వారపు విశ్రాంతిని బండిలో గడిపించకూడదు, బస ఖర్చూ యజమానే పెట్టుకోవాలి. చట్టం మీకు అంత ఇవ్వని చోట మీరు రాయించుకున్న కాగితమే మీకు చట్టం.

నా దృష్టిలో రోజుల సంఖ్య కన్నా ముఖ్యమైనది తేదీ నిలబడడం. నెలకు ఆరు రోజులు ఇంట్లో ఉంటాడు గాని ఎప్పుడో తెలియదు అన్న డ్రైవరు కన్నా, నెలకు నాలుగే రోజులు గాని ఫలానా తేదీకి తప్పక వస్తాడు అన్న డ్రైవరు ఇల్లు నిలకడగా ఉండడం నేను ఎన్నోసార్లు చూశాను. సంస్థ ఈ విషయంలో ఎలాంటిదో మేనేజరు చెప్పలేడు, చెప్పడు. యార్డు గేటు బయట నిలబడి ముగ్గురు డ్రైవర్లను ఒక్క ప్రశ్న అడగండి: పోయినసారి నీకు చెప్పిన తేదీకే ఇంటికి వెళ్ళావా? వీలైతే గత మూడు నెలల జీతం చీటీ చూపించమనండి, కోతల వరుసను చదవండి. సరుకు తరుగు, టైరు పేలుడు, చలానాలు, ఆలస్యం అంటూ కోతలు ఎన్ని రకాలుగా ఉన్నాయో అక్కడే తెలుస్తుంది. వస్తూ వస్తూ ఆగి ఉన్న బండ్ల టైర్ల వైపు ఒకసారి చూడండి. అరిగిన టైర్లతో బండ్లను పంపే యజమాని మీ విశ్రాంతి గురించి చెప్పే మాటలను అంతగా నమ్మనక్కర్లేదు.

మీ ప్రస్తుత పని మెత్తటిదని నేను అనడం లేదు. ప్రతిరోజూ బరువులు దించే పని మరో పదేళ్ళ తరువాత మీ నడుమును ఏంచేస్తుందో ఆలోచించవలసిందే. అయినా మీరు రాసిన అంకెలనుబట్టి నా మొగ్గు ఉండమనే వైపే. ముందుగా, బయటి నుంచి పిలుపు వచ్చిందన్న మాటను మీ యజమాని ముందు మర్యాదగా ఉంచి, దించడానికి ఒక సహాయకుణ్ణి గాని, దించిన బస్తాకు ఇంత అని అదనపు ప్రతిఫలం గాని అడగండి. కొత్త సంస్థ బత్తా, నిరీక్షణకు డబ్బు, ఖాళీ ప్రయాణానికి అదే రేటు, తిరిగి వచ్చే తేదీ అనే నాలుగింటినీ రాసి ఇస్తే అప్పుడు లెక్క మారుతుంది. అప్పుడు వెళ్ళడం తప్పు కాదు. బత్తా వస్తే పైన తీసివేసిన 15 మీ చేతికి తిరిగి వస్తుంది, నిరీక్షణకు డబ్బు వస్తే 8,500 కిలోమీటర్ల నెల కూడా భయపెట్టదు.

ప్రశ్న: మా వారు దూరప్రయాణపు లారీ నడుపుతారు. మూడు వారాలకొకసారి వచ్చి రెండు మూడు రోజులు ఉంటారు. వచ్చిన మొదటి రోజంతా నిద్రే. పక్కన పడుకున్నప్పుడు నిద్రలోనే కుడికాలు బ్రేకు తొక్కినట్టు నొక్కుతుంటారు. రెండవ రోజు చిన్న మాటకే కోపం వస్తుంది, మూడవ రోజు బయలుదేరే హడావిడి. జీతం తక్కువైనా దగ్గరి పని చూసుకోమని అడగాలని ఉంది. అలా అడిగితే ఆయన కష్టాన్ని చులకన చేసినట్టు అవుతుందేమోనని ఆగుతున్నాను.

జవాబు: అమ్మా, ఆ మొదటి రోజు నిద్రను ఇంటి మీద నిర్లక్ష్యంగా తీసుకోకండి. వరుసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. చాలా దేశాల్లో బండి నడపడానికి అదే చట్టపరమైన హద్దు. అలాంటి రోజులు మూడు వారాలు పోగుపడితే ఒక్క రాత్రి నిద్రతో ఆ బాకీ తీరదు. రెండవ రోజు కోపానికి కూడా చాలావరకు ఆ బాకీయే కారణం. కాబట్టి బంధువులను కలవడం, బ్యాంకు పనులు, పిల్లల బడి వ్యవహారాలు మొదటి రోజున పెట్టకండి. ఆయన ఇల్లు చేరే వేళ గురించి కూడా సంస్థతో మాట్లాడమనండి. అర్ధరాత్రి చేరితే మొదటి రోజు పోయినట్టే. అదే సాయంత్రం 6 గంటలకు చేరితే ఆ రాత్రి నిద్రపోయి మర్నాడు మనిషిలా లేస్తారు. బల్ల అవతలి వైపు కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను, ట్రిప్పు వేసేవాడికి ఇది పెద్ద మార్పేమీ కాదు. అడిగినవాడికి చేస్తారు, అడగనివాడికి చేయరు.

ఇక దగ్గరి పని చూసుకోమని అడగడం. ఉద్యోగం మార్చుకోమనే మాటతో మొదలుపెట్టకుండా ఇంటి లెక్కతో మొదలుపెట్టండి. నెలకు ఇల్లు గడవడానికి, అప్పులకు, పిల్లల చదువుకు కలిపి ఎంత కావాలో మీరిద్దరూ కూర్చుని ఒక అంకె రాసుకోండి. చాలా ఇళ్ళలో ఆ అంకె ఎప్పుడూ రాసి ఉండదు. అందుకే డ్రైవరు ఎంత తెచ్చినా ఇంకాస్త తేవాలనే బరువు అతడి నెత్తిన ఉంటుంది. ఆ అంకె ఆయన ఇప్పటి సంపాదన కన్నా తక్కువగా ఉంటే, మిగులు కోసం ఇన్ని రోజులు అమ్ముకుంటున్నామా అన్న ప్రశ్న ఆయనకే తడుతుంది. ఎక్కువగా ఉంటే మీరు అడగబోయే మార్పు ఇప్పుడు సాధ్యం కాదని మీకు తెలుస్తుంది, ఏ అప్పు తీరిన తరువాత సాధ్యమో కూడా అక్కడే కనిపిస్తుంది. ఏ దారి ఎంచుకున్నా నిర్ణయం ఇద్దరిదీ అవుతుంది.

మరో చిన్న మాట. ఆయన నడుపుతున్నప్పుడు ఫోను చేయకండి, ఆయన ఎత్తినా మాట్లాడకండి. బండి ఆపి విశ్రాంతి తీసుకునే వేళ ఒకటి నిర్ణయించుకుని, ఆ వేళకు ఆయననే చేయమనండి. గొడవలు, చెడ్డ కబుర్లు ఆ ఫోనులో వద్దు. ఆ తరువాత ఆయన మళ్ళీ స్టీరింగు పట్టుకోవాలి.

ప్రశ్న: ఒకే బండి మీద ఇద్దరు డ్రైవర్లుగా వెళ్తే సంపాదన బాగుంటుందని మిత్రుడు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: బండి ఆగకుండా తిరుగుతుంది గనుక నెలకు ఎక్కువ కిలోమీటర్లు పడతాయి, కాని ఆ డబ్బు ఇద్దరికీ పంచబడుతుంది. మీ ఒక్కరి వాటా ఎంతో, బండి మొత్తం ఎంతో వేరువేరుగా అడగండి. అసలు ఇబ్బంది నిద్ర. కదిలే బండిలో పట్టే నిద్ర పలచనిది. ప్రతి గుంతకూ మెలకువ వస్తుంది, అవతలివాడు గట్టిగా బ్రేకు తొక్కితే గుండె ఝల్లుమంటుంది. ఐరోపా నియమాల్లో ఇద్దరు డ్రైవర్ల బండికి 30 గంటల్లో ఒక్కొక్కరికి 9 గంటల విశ్రాంతి తప్పనిసరి, కదులుతున్న బండిలో పడుకున్న సమయం ఆ విశ్రాంతిగా లెక్కకు రాదు. మీ మిత్రుడి డ్రైవింగును నమ్మి, అతడు నడుపుతుండగా వెనుక కళ్ళు మూసుకోగలరా? ఒక ట్రిప్పు చేసి చూడండి. నిద్ర పట్టకపోతే డబ్బు లెక్క వేయవలసిన అవసరమే ఉండదు.

ప్రశ్న: పెద్ద బండ్ల లైసెన్సు ఈమధ్యే వచ్చింది. ట్రిప్పుకు ఇంత అని ఇచ్చే టిప్పరు పని ఒకటి, తక్కువ జీతంతో ఆరు నెలలు అనుభవజ్ఞుడి పక్కన కూర్చోబెట్టే కంటైనరు పని మరొకటి వచ్చాయి. ఏది మంచిది?

జవాబు: రెండవది. మొదటి ఏడాది మీరు సంపాదించేది ప్రధానంగా అనుభవమే. రివర్సు, వాలులో ఇంజను బ్రేకు, లోడు బరువు ఇరుసుల మీద సమానంగా పడేలా చూడడం వంటివి లైసెన్సు పరీక్షతో వచ్చేవి కావు. ట్రిప్పు లెక్క జీతంలో ఎన్ని ట్రిప్పులు వేస్తే అంత అనే ఆశ, కొత్తవాడిని వేగానికీ ఓవర్‌లోడుకూ అలవాటు చేస్తుంది. వేగం రెట్టింపు అయితే బండిలోని శక్తి నాలుగింతలు అవుతుంది, బ్రేకులు మాత్రం అవే ఉంటాయి. ఒక్క షరతు: ఆరు నెలల తరువాత జీతం ఎంత అవుతుందో ఇప్పుడే రాయించుకోండి, లేకపోతే నేర్పే కాలం ఏళ్ళ తరబడి సాగుతుంది.

ప్రశ్న: నాకు 51 ఏళ్ళు. నడుము నొప్పి చాలాకాలంగా ఉంది. గురక విపరీతమని, మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుందని ఇంట్లో అంటారు. మధ్యాహ్నం నడుపుతుంటే కళ్ళు మూతలు పడుతున్నాయి. డాక్టరు దగ్గరకు వెళ్తే ఉద్యోగం పోతుందని వెళ్ళడం లేదు. ఇంకో ఏడెనిమిదేళ్ళు ఎలాగైనా లాగాలి.

జవాబు: మీరు రాసిన మూడు లక్షణాలు, అంటే గురక, నిద్రలో ఊపిరి ఆగడం, పగటిపూట తూగు, కలిస్తే డాక్టర్లు ముందుగా అనుమానించేది స్లీప్ ఆప్నియా. గొంతు భాగం నిద్రలో మూసుకుపోయి, రాత్రంతా మీకు తెలియకుండానే మెలకువ వస్తుంటుంది. ఎనిమిది గంటలు పడుకున్నా పడుకోనట్టే ఉంటుంది. ఎక్కువసేపు కూర్చోవడం వల్ల, బరువు పెరగడం వల్ల లారీ డ్రైవర్లలో ఇది ఎక్కువ. చికిత్స ఉంది: నిద్రలో ముక్కుకు మాస్కు ద్వారా గాలి అందించే సీప్యాప్ యంత్రం వాడిన చాలామందికి పగటి తూగు త్వరలోనే తగ్గుతుంది. ఏ దేశంలోనైనా చికిత్స తీసుకుంటూ అదుపులో ఉన్న డ్రైవరు మళ్ళీ నడపగలడా అన్నది అక్కడి వైద్య నియమాలనుబట్టి ఉంటుంది, దాచిపెట్టి నడుపుతూ ప్రమాదం చేసిన డ్రైవరుకు మాత్రం ఎక్కడా దిక్కు ఉండదు. పరీక్ష అయ్యేవరకు తూగు వచ్చినప్పుడు నడపవద్దు. కిటికీ తీయడం, పాటలు పెట్టడం పనికిరావు. సురక్షితమైన చోట ఆపి, టీ తాగి వెంటనే 15 నుంచి 20 నిమిషాలు పడుకుంటే, టీ పనిచేయడం మొదలుపెట్టే వేళకు మీరు లేస్తారు. లేచిన వెంటనే స్టీరింగు పట్టుకోకుండా కాసేపు బండి చుట్టూ నడవండి. ఇది ఆ పూట గడవడానికే. చికిత్సకు బదులు కాదు.

నడుము సంగతి. బండి కుదుపులు వెన్నెముకకు చేసే హానిని ఐరోపా సమాఖ్య 2002లోనే చట్టపరంగా గుర్తించి, ఎనిమిది గంటల పనిదినానికి కుదుపు తీవ్రత సెకనుకు సెకనుకు 0.5 మీటర్లు దాటితే యజమాని చర్య తీసుకోవాలని, 1.15 దాటితే వెంటనే దాన్ని ఆ హద్దు లోపలికి తగ్గించాలని కంపన పరిమితులు పెట్టింది. మీ సంస్థ దగ్గర ఆ కొలత పరికరం ఉండకపోవచ్చు గాని, మీ సీటు కింద ఒక మీట ఉంటుంది. కుదుపులను తగ్గించే సస్పెన్షన్ సీట్లలో కూర్చునే మనిషి బరువుకు తగ్గట్టు దాన్ని తిప్పి సరిచేయాలి. మీ ముందు నడిపిన డ్రైవరు అరవై కిలోల మనిషి అయితే, ఆ సర్దుబాటు మీద మీరు ఏళ్ళ తరబడి కూర్చున్నా సీటు ప్రతి గుంతలోనూ అడుక్కి తగులుతుంది. రేపు ఉదయమే చూసుకోండి. గంటల తరబడి నడిపి దిగిన వెంటనే బరువు ఎత్తకుండా అయిదారు నిమిషాలు నడవండి. బండి మార్చే అవకాశం వస్తే సీటు, క్యాబిన్ చూసి ఎంచుకోండి. భారతదేశంలో 2025లో అమలుకు వచ్చిన నియమం ప్రకారం కొత్తగా తయారయ్యే 3.5 టన్నులు పైబడిన లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది, పాత బండ్లకు ఆ నియమం లేదు.

ఏడెనిమిదేళ్ళు లాగాలంటే ఇదే పనిలో లాగనక్కర్లేదు. రెండు డిపోల మధ్య సగం దూరంలో ఎదురుగా వచ్చే బండితో మార్చుకుని, రాత్రికి ఇల్లు చేరే రిలే డ్యూటీలు కొన్ని సంస్థల్లో ఉన్నాయి. యార్డులో బండ్లను లోడింగు దగ్గరకు జరిపే పని, కొత్త డ్రైవర్లకు నేర్పే పని కూడా మీ అనుభవానికి తగినవే. జీతం కొంత తగ్గవచ్చు. చికిత్స వాయిదా వేసి మధ్యలో ఆగిపోయే ఆదాయంతో పోల్చి చూడండి. ఇంతకూ ముందు డాక్టరు దగ్గరకు. వెళ్ళేటప్పుడు మీరు గురక పెడుతున్న రాత్రి ఇంటివారి చేత ఫోనులో అయిదు నిమిషాలు రికార్డు చేయించి, మాటలతో వివరించే ముందు డాక్టరుకు అది వినిపించండి.